దానపు గోవుకూ పళ్ళు ఎంచవలసిందే

ఖరగ్‌పూర్ రైల్వే స్టేషను ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారానికి ప్రసిద్ధి. 1,072.5 మీటర్ల ఆ కీర్తిని 2013లో గోరఖ్‌పూర్, ఆ తర్వాత 2023లో హుబ్బళ్ళి తీసుకుపోయాయి. కీర్తి పోయినా పట్టణం ప్రాముఖ్యం తగ్గలేదు. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలంనుంచి ఇక్కడి వర్కుషాపులోను, యార్డులలోను పనిచేసి, ఉద్యోగ విరమణ తర్వాత ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాషాస్థానం కల్పించాలని నిర్ణయించినప్పుడు అందరి దృష్టీ ఈ పట్టణం మీదనే నిలిచింది. హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో ఆరంభమైన దేశపు మొట్టమొదటి ఐ.ఐ.టి. కూడా ఇక్కడిదే.

అయితే ఈ వారం ప్రస్తావించదలచినది ప్లాట్‌ఫారాన్ని గురించి కాదు, దానికి అవతల పట్టాల వెంబడి పెరిగే ఒక మొక్కను గురించి. ఆకు కారెట్ ఆకును పోలి ఉంటుంది. తెల్లని చిన్న చిన్న పూలు పూస్తుంది. చూపులకు ముచ్చటైనది గనుకనే కాబోలు, తెలుగువారు దానికి వయ్యారిభామ అని పేరు పెట్టారు. హిందీవారికి అది గాజర్ ఘాస్. మరికొందరికి కాంగ్రెస్ గడ్డి. శాస్త్రజ్ఞులు పార్థీనియం అంటారు. వానలు పడగానే రైలు పట్టాల పక్కన, గోదాముల వెనుక, క్వార్టర్ల పెరళ్ళలో ఒక్కసారిగా లేచే ఈ కలుపు ఖరగ్‌పూర్‌కు ప్రత్యేకమైనదేమీ కాదు. కాజీపేటలోను, విజయవాడలోను, గుంతకల్లులోను ఇదే దృశ్యం. ఇది మన దేశపు మొక్క కాదన్న సంగతి మాత్రం చాలామందికి జ్ఞాపకం ఉండదు. దీని జన్మస్థానం మెక్సికో అఖాత పరిసరాలు. అది ఇక్కడికి ఎలా వచ్చిందన్న ప్రశ్నలో అంతర్జాతీయ సహాయపు చరిత్ర ఒక అధ్యాయం దాగి ఉన్నది.

గోధుమతో వచ్చిందా?

అమెరికా గోధుమతో వచ్చిందన్నది దేశమంతటా స్థిరపడిన నమ్మకం. 1954 జులైలో అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ సంతకంతో పబ్లిక్ లా 480 శాసనమైంది. దాని కింద భారతదేశం మొదటి ఒప్పందాన్ని 1956 ఆగస్టులో కుదుర్చుకున్నది. 1960లో ఆహారమంత్రి ఎస్.కె. పాటిల్ వాషింగ్టన్‌లో నాలుగేళ్ళకు సరిపడా 160 లక్షల టన్నుల గోధుమకు, 10 లక్షల టన్నుల బియ్యానికి ఒడంబడిక చేసుకు వచ్చారు. వరుస కరవుల నడుమ 1966లో దేశంలోకి వచ్చిన ధాన్యం దాదాపు కోటి టన్నులు. ఓడ రేవుకు వస్తేనే కంచంలోకి కూడు వచ్చే రోజులవి. ఆ గోధుమలో కలిసి వచ్చిన సన్నని నల్లని విత్తనం, గోనె సంచులనుంచి వ్యాగన్లలోకి, వ్యాగన్లనుంచి పట్టాల పక్క మట్టిలోకి జారి దేశమంతటా వ్యాపించిందని కథనం. కలకత్తా రేవునుంచి దక్షిణానికీ పడమటికీ ఆగ్నేయ రైల్వే మీద పోయే సరుకు రైళ్ళకు ఖరగ్‌పూర్ తప్పనిసరి కూడలి గనుక, ఇక్కడివారికి ఈ కథనం మరింత నమ్మదగినదిగా తోచడంలో వింత లేదు.

కాని తేదీలు పరిశీలిస్తే చిక్కు కనిపిస్తుంది. పుణేలో ఈ మొక్క కనిపించిన సంగతిని వృక్ష శాస్త్రజ్ఞుడు ఆర్. శేషగిరిరావు 1956లో ప్రకటించారు. ఆయనకు మొక్క దొరికినది 1955లో. అంటే పి.ఎల్. 480 ఒప్పందం మీద సిరా పడకముందే మొక్క పుణేలో పూసింది. ఇంకా వెనక్కు పోతే, 1880లో డెహ్రాడూన్‌లో సేకరించిన నమూనా ఒకటి ఉన్నదని వృక్ష శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. 1814లో వెలువడిన రాక్స్‌బర్గ్ గ్రంథం హార్టస్ బెంగాలెన్సిస్‌లోనే దీని పేరు నమోదైనదని కూడా తేలింది. కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి కాకముందు మన సామర్లకోటలో మొక్కలు పెంచిన రాక్స్‌బర్గే ఆయన.

మరి గోధుమ నిర్దోషి అనవచ్చునా? అదీ వీలుకాదు. తోటలోనో, ఎండుమొక్కల సంపుటిలోనో ఉన్న మొక్క వేరు. దేశాన్ని ఆక్రమించిన కలుపు వేరు. నూరేళ్ళకు పైగా ఎవరినీ బాధించని మొక్క 1950 దశకం తర్వాతనే దండయాత్ర ఎందుకు ఆరంభించిందన్న ప్రశ్నకు సమాధానం కావాలి. పి.ఎల్. 480 కంటె ముందే, 1951లో, అమెరికన్ కాంగ్రెస్ 19 కోట్ల డాలర్ల గోధుమ రుణాన్ని భారతదేశానికి మంజూరు చేసింది. ఆ గోధుమ 1955కు ముందే వచ్చింది. కాబట్టి జనం శాసనం పేరు తప్పు చెప్పి ఉండవచ్చును గాని, అనుమానం మాత్రం అకారణమైనది కాదు.

ఇథియోపియా అనుభవం ఈ అనుమానాన్ని బలపరుస్తున్నది. అక్కడ ఈ కలుపు 1980 దశకపు కరవు రోజులలో, సహాయ ధాన్యం పంచిన కేంద్రాల చుట్టుపట్ల మొదట ప్రబలిందని పరిశోధకుల అభిప్రాయం. అక్కడి ఓరోమో రైతులు దానికి పెట్టుకున్న పేరుకు అర్థం, నీ భూమిని రాసిచ్చెయ్యి అని. ఇది వచ్చిన పొలాన్ని వదులుకోవలసిందేనన్నమాట.

ఇన్ని వాదాల మధ్య నిర్ధారణగా చెప్పగల సత్యం ఒక్కటే. రేవులో దిగిన గోధుమలో ఏమేమి కలుపు విత్తనాలున్నాయో ఆనాడు నమోదు చేసి ఉంటే ఈ వివాదానికి తావే ఉండేది కాదు. 1914నాటి చీడపీడల చట్టం అమలులో ఉన్నప్పటికీ, ఆకలితో ఉన్న దేశానికి ఓడలు వస్తుంటే విత్తనాలు ఏరి లెక్కపెట్టే బాధ్యత ఎవరి నెత్తినా పడలేదు. చూడవలసిన చోట చూడలేదు గనుక రుజువు లేదు. రుజువు లేదు గనుక దోషి లేడు.

లెక్క చూసిన ఖాతాలు, చూడని ఖాతాలు

గోధుమ డబ్బు విషయంలో మాత్రం ఉభయ ప్రభుత్వాలూ ఎంతో జాగరూకత వహించాయి. ధాన్యం ధర రూపాయలలో చెల్లించాలన్నది ఒప్పందం గనుక అమెరికా ఖాతాలో రూపాయలు గుట్టలుగా పేరుకున్నాయి. ఈ నిల్వలు మన ఆర్థిక స్వాతంత్ర్యానికే ముప్పు అని ప్రతిపక్షాలు సంవత్సరాల తరబడి విమర్శించాయి. చివరకు 1974 ఫిబ్రవరి 18న అమెరికా రాయబారి మొయినిహాన్ 1,664 కోట్ల రూపాయల చెక్కును భారత ప్రభుత్వానికి అందజేసి ఆ అధ్యాయాన్ని ముగించారు.

ఆ చెక్కులో ప్రతి రూపాయికీ లెక్క ఉన్నది. వయ్యారిభామకు మాత్రం ఏ పద్దులోనూ స్థానం లేదు. ఒక్కొక్క మొక్క వేలాది విత్తనాలు రాలుస్తుంది. అవి మట్టిలో ఏళ్ళ తరబడి మొలకెత్తే శక్తితో ఉంటాయి. మొక్కలోని పార్థీనిన్ అనే పదార్థం చర్మానికి తగిలితే దురద, వాపు, మానని పుండు. పుప్పొడి పీల్చినవారికి తుమ్ములు, ఉబ్బసం. పశువులు మేస్తే పాలు చేదెక్కుతాయి. 1970 దశకం నాటికే పుణే పరిసరాల చర్మవ్యాధి వైద్యులు దీని బాధితులను గురించి రాశారు. కర్ణాటక ప్రభుత్వం 1975లోనే దీనిని ప్రమాదకరమైన కలుపుగా ప్రకటించింది. మెక్సికోనుంచి తెప్పించిన ఒక పెంకుపురుగును 1984లో బెంగళూరు ప్రాంతంలో వదిలారు. అది కొన్నిచోట్ల ఫలితమిచ్చింది. అయినా మొక్క సుమారు మూడున్నర కోట్ల హెక్టార్లలో వ్యాపించినట్లు కలుపు శాస్త్రజ్ఞుల అంచనా. జబల్‌పూర్‌లోని కలుపు పరిశోధనా సంస్థ ఏటా ఆగస్టులో ఒక వారంపాటు దీనిమీద ప్రచారం నిర్వహిస్తున్నది.

ఈ భారాన్ని మోస్తున్నవారు ఎవరు? రైలుమార్గం శుభ్రం చేసే గ్యాంగ్‌మన్‌లు, కలుపు తీసే కూలీ స్త్రీలు. చేతితొడుగు లేకుండా పూత మీదున్న మొక్కను పీకే మనిషికి అది ఏ దేశపు శాసనం కింద వచ్చిందన్న చర్చతో పని లేదు. ఆ సాయంత్రం మోచేతి దాకా లేచే మంటే అతనికి తెలిసిన విదేశాంగ విధానం.

నీరు ఇచ్చిన చేయి

కలుపు కథలో అనుమానం ఉన్నదనుకుందాం. అనుమానానికి తావులేని కథ మరొకటి ఇదే బెంగాల్‌లో ఉన్నది.

చెరువు నీరు తాగి కలరాతో, అతిసారంతో పిల్లలు చనిపోతున్న రోజులలో గొట్టపు బావి ప్రాణదాతగా కనిపించింది. నాటి తూర్పు పాకిస్తాన్‌లోను, తర్వాతి బంగ్లాదేశ్‌లోను యూనిసెఫ్ ఈ కార్యక్రమానికి చేయూతనిచ్చింది. దాన్ని చూసి ప్రజలే సొంత ఖర్చుతో మరెన్నో రెట్లు తవ్వించుకున్నారు. సరిహద్దుకు ఇవతల, పశ్చిమ బెంగాల్‌లో, ఈ పని ప్రధానంగా మన ప్రభుత్వమూ, రెండో పంట వరి కోసం రైతులూ చేశారు. క్రిమి దోషం లేని నీరు అని అందరూ సంతోషించారు. క్రిమి దోషం లేని మాట నిజమే. హిమాలయాలనుంచి నదులు మోసుకు వచ్చిన ఒండ్రు పొరలలో, ఇనుముతో అంటిపెట్టుకుని ఉన్న ఆర్సెనిక్ ఆ నీటిలోకి కరుగుతున్నదని ఎవరూ పరీక్షించలేదు. రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. పదేళ్ళకు గాని చర్మం మీద వాన చినుకుల వంటి మచ్చలు కనిపించవు. ఆపైన అరచేతులు, అరికాళ్ళు గట్టిపడడం, ఇంకా ఆపైన చర్మానికి, మూత్రాశయానికి, ఊపిరితిత్తులకు కాన్సరు.

కలకత్తా ఉష్ణమండల వ్యాధుల పాఠశాలకు చెందిన చర్మవ్యాధి నిపుణుడు డాక్టర్ కె.సి. సాహా 1983లో ఈ రోగులను గుర్తించారు. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి 1988నుంచి గ్రామగ్రామం తిరిగి నీటి నమూనాలు పోగుచేశారు. సరిహద్దుకు ఇవతల రోగం బయటపడిన తర్వాత పదేళ్ళకు, 1993లో, బంగ్లాదేశ్‌లోని చపాయి నవాబ్‌గంజ్ బావులలో ఆర్సెనిక్ నమోదైంది. ఈ మధ్యకాలమంతా అక్కడ బావులు తవ్వుతూనే ఉన్నారు. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో వెలువడిన సమీక్ష దీనిని చరిత్రలోకెల్లా పెద్ద సామూహిక విషప్రయోగంగా వర్ణించింది. ఆనాటి బంగ్లాదేశ్ జనాభా పన్నెండున్నర కోట్లలో మూడున్నర కోట్లనుంచి ఏడు కోట్ల డెబ్భై లక్షల మందికి ముప్పు ఉన్నదని అంచనా వేసింది.

ఖరగ్‌పూర్ ఎర్రమట్టి నేల. ఆర్సెనిక్ తీవ్రంగా ఉన్న మాల్దా, ముర్షీదాబాద్, నదియా, చెరొక 24 పరగణాల జిల్లాలు ఇక్కడికి దూరం. కాని దేశమంతటి ఆర్సెనిక్ పటాన్ని రూపొందించిన పరిశోధన ఇక్కడి ఐ.ఐ.టి.లోనే జరిగింది. దేశ భూభాగంలో సుమారు అయిదో వంతులో భూగర్భ జలం ప్రమాదకరంగా ఉండవచ్చునని, 25 కోట్లమందికి పైగా దీని పరిధిలోకి రావచ్చునని 2021లో ఆ పరిశోధక బృందం అంచనా కట్టింది.

చూడనివాడు దోషి కాడట

ఇక న్యాయం మాట. బ్రిటిష్ ప్రభుత్వపు విదేశీ సహాయ నిధులతో బ్రిటిష్ భూగర్భ సర్వే సంస్థ బంగ్లాదేశ్ బావుల నీటిని పరీక్షించి 1992లో నివేదిక ఇచ్చింది. అనేక మూలకాలకోసం పరీక్షలు జరిపింది. ఆర్సెనిక్ కోసం మాత్రం జరపలేదు. ఆ నీటిని తాగి జబ్బు పడిన ఒక బంగ్లాదేశీయుడు లండన్ న్యాయస్థానంలో దావా వేశాడు. 2006 జులైలో, అప్పటికి ఆ దేశపు అత్యున్నత న్యాయపీఠమైన ప్రభువుల సభ ఆ దావాను విచారణ దశకు రాకుండానే కొట్టివేసింది. బంగ్లాదేశ్ మంచినీటి సరఫరా మీద ఆ సంస్థకు అధికారం లేదు, ఆ తాగిన మనిషికీ సంస్థకూ చట్టం గుర్తించేటంత సన్నిహిత సంబంధం లేదు, కాబట్టి పరీక్షించి తీరవలసిన బాధ్యతా లేదన్నది తీర్పు సారాంశం.

చట్టం దృష్టితో తీర్పులో తర్కం లేదనలేము. అడగని పరీక్షకు నిపుణుణ్ణి బాధ్యుణ్ణి చేస్తే రేపు ఏ నిపుణుడూ పేద దేశానికి రాడన్న వాదానికి బలం ఉన్నది. కాని పౌరుడి దృష్టితో చూడండి. నిధులిచ్చిన ప్రభుత్వం పరీక్ష నిపుణులది అంటుంది. నిపుణులు తమకు అప్పగించినంతవరకే తమ పని అంటారు. స్వీకరించిన ప్రభుత్వం నిపుణులు బాగున్నదన్నారు గదా అంటుంది. ముగ్గురూ నిజమే చెబుతారు. మచ్చలు పడిన మనిషికి మాత్రం తలుపు తట్టడానికి ఇల్లు మిగలదు.

మన నల్లగొండ, ప్రకాశం జిల్లాలవారికి ఈ కథ కొత్తది కాదు. నాటి నెల్లూరు జిల్లాలోని దర్శి, పొదిలి ప్రాంతాలలో ఫ్లోరైడ్ వ్యాధిని వైద్యులు 1937లోనే వెల్లడించారు. తర్వాత ముప్పై ఏళ్ళకు, 1967 కరవులో, రాతినేలను తొలిచే యంత్రాలను యూనిసెఫ్ విమానాలలో దేశానికి తెప్పించింది. ఆ తర్వాత చేతిపంపు బోరింగులు పల్లెపల్లెకూ వచ్చాయి. దాహం తీరింది, కలరా తగ్గింది. ఆ మేలును కాదనడం కృతఘ్నత అవుతుంది. కాని ఫ్లోరైడ్ శిలలున్న చోట లోతుకు పోయిన కొద్దీ నీరు ప్రమాదకరం కావచ్చునన్న తెలివి 1937నుంచీ అందుబాటులో ఉన్నది. నడుము వంగిన మర్రిగూడ మండలపు మనుషులను చూస్తే, తెలివి ఒక కాగితంలోను, యంత్రం మరొక కాగితంలోను ఉన్నప్పుడు ఏమవుతుందో అర్థమవుతుంది. కృష్ణా జలాలు వాళ్ళ ఇళ్ళకు చేరడానికి మరొక తరం పట్టింది.

పార్లమెంటు చేయగలిగినది

ఊరకే వచ్చిన ఆవుకు పళ్ళు లెక్కపెట్టరాదన్నది మన పెద్దల మర్యాద. వ్యక్తుల మధ్య అది సంస్కారమే. ప్రభుత్వాల మధ్య అది ప్రమాదం. ఎందుకంటే ఆవును స్వీకరించేది ఒకరు, పాలు తాగేది మరొకరు.

మన రాజ్యాంగం ప్రకారం విదేశీ ఒడంబడికలకు పార్లమెంటు ఆమోదం తప్పనిసరి కాదు. మంత్రివర్గం సంతకం చేస్తుంది, సభకు తర్వాత తెలుస్తుంది. ఆర్సెనిక్ విషయాన్ని లోక్‌సభ అంచనాల సంఘం మురళీ మనోహర్ జోషి అధ్యక్షతన పరిశీలించి నివేదిక సమర్పించినది 2014లో. అంటే డాక్టర్ సాహా రోగులను గుర్తించిన 31 సంవత్సరాలకు. పార్లమెంటు శ్రద్ధ వహించలేదని అనలేము గాని, శవపరీక్షకు వచ్చిన వైద్యుడి వలె వచ్చిందని అనక తప్పదు.

జవాబుదారీతనం అసాధ్యమన్న వాదన కూడా నిలిచేది కాదు. నర్మదపై సర్దార్ సరోవర్ ప్రాజెక్టు వివాదం తర్వాత 1993లో ప్రపంచబ్యాంకు తన ప్రాజెక్టుల బాధితుల ఫిర్యాదులు వినడానికి ఒక తనిఖీ సంఘాన్ని ఏర్పాటు చేసుకోవలసి వచ్చింది. గుజరాత్‌లోని ముంద్రా మత్స్యకారులు వేసిన దావాలో, అంతర్జాతీయ ఆర్థిక సంస్థలకు న్యాయస్థానాలనుంచి సంపూర్ణ రక్షణ లేదని 2019 ఫిబ్రవరిలో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. కింది కోర్టులలో ఆ మత్స్యకారులు తుదకు నెగ్గలేదు. అయినా తలుపుకు బీటలు వారాయి.

కావలసినవి పెద్ద సంస్కరణలేమీ కావు. ధాన్యమైనా, యంత్రమైనా, మందైనా, సహాయంగా వచ్చే ప్రతిదానికీ ముందు పరీక్ష జరగాలి. ఏ పరీక్షలు జరిపారో, ఏవి జరపలేదో రాతపూర్వకంగా సభ ముందుంచాలి. జరపని పరీక్షల జాబితాయే ఇందులో కీలకం. బంగ్లాదేశ్‌లో 1992లో అటువంటి జాబితా ఒకటి ఉండి ఉంటే, ఆర్సెనిక్ అన్న మాట ఎవరో ఒకరి కంట పడేది. పథకం ముగిసిన తర్వాత కూడా పదేళ్ళపాటు ఆరోగ్య పరిశీలనకు సహాయ నిధిలోనుంచే కొంత భాగం కేటాయించాలి. నష్టం బయటపడితే ఎవరు భరించాలో ఒప్పందంలోనే రాసుకోవాలి.

ఈ మాటలు ఇప్పుడు చెప్పడానికి మరొక కారణం ఉన్నది. భారతదేశం నేడు చేయి చాచే దేశం మాత్రమే కాదు. మనం ఆఫ్ఘనిస్తాన్‌కు 50,000 టన్నుల గోధుమ ఇస్తామని ప్రకటించి, 2022లో పాకిస్తాన్ మీదుగా లారీలలో పంపసాగాము. ఆఫ్రికా దేశాలకు రుణ సహాయమిస్తున్నాము. బావులకూ, పంపులకూ, మందులకూ మనమే దాతలమవుతున్నాము. మన గోధుమలో ఏ విత్తనాలున్నాయో చూసే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న ఒకనాడు వాషింగ్టన్‌ను అడగవలసినది. నేడు ఢిల్లీనే అడగవలసినది. 1956లో మనకు జరగని పరీక్షను నేడు మన చేతి సహాయం పొందేవారికి జరిపించినప్పుడే, మనం అనుభవంనుంచి నేర్చుకున్నామని చెప్పుకొనే హక్కు లభిస్తుంది.

ఖరగ్‌పూర్ గ్యాంగ్‌మన్‌కు మాత్రం ఇంత దౌత్యం అక్కరలేదు. మొక్క పూత పట్టకముందే పీకించే ఏర్పాటు, ఒక జత చేతితొడుగులు, మోచేతి మంటకు రైల్వే ఆసుపత్రిలో వృత్తి సంబంధమైన జబ్బుగా గుర్తింపు, ఈ మూడు చాలు. వీటికి ఏ విదేశంతోనూ ఒడంబడిక అవసరం లేదు. రైల్వే పద్దులపై చర్చ జరిగే రోజున ఒక సభ్యుడు లేచి అడిగితే చాలును.